14 మార్కులు ఎక్కువ వచ్చినా పర్సెంటైల్ ఎందుకు తగ్గింది?

మీరు అడిగింది ఇది. మీ అమ్మాయికి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో 172 మార్కులు, 98.1 పర్సెంటైల్ వచ్చాయి. మరో రోజు మరో షిఫ్టులో రాసిన ఆమె స్నేహితురాలికి 158 మార్కులే వచ్చినా 98.3 పర్సెంటైల్ దక్కింది. రెండు సెషన్లలో ఇదే మెరుగైన ఫలితమని కూడా రాశారు. "14 మార్కులు ఎక్కువ తెచ్చుకున్న పిల్ల వెనకబడటం ఏం న్యాయం? ఈ పరీక్షలు ప్రతిభను కొలుస్తున్నాయా, అదృష్టాన్నా? ఇంకో ఏడాది శిక్షణకు లాంగ్ టర్మ్‌లో చేర్పించాలా?" అని అడిగారు. నేను ఇరవై ఆరేళ్ళు జూనియర్ కళాశాలలో గణితం చెప్పాను. ఆ తరువాత కొన్నేళ్ళు ప్రవేశ పరీక్షలకు ప్రశ్నలు రాశాను, ఇతరులు రాసినవి సరిచూశాను. ఏటా ఫలితాల వారంలో ఇదే బాధతో ఎందరో తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చేవారు. అందుకే కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఆ అంకె సంగతి. పర్సెంటైల్ మార్కుల శాతం కాదు. మీ అమ్మాయి రాసిన షిఫ్టులో ఆమెతో సమానంగానో, ఆమెకన్నా తక్కువగానో మార్కులు వచ్చినవాళ్ళు నూటికి ఎందరో అది చెబుతుంది. ఆ షిఫ్టులో 1,40,000 మంది రాశారనుకుందాం. 98.1 అంటే వారిలో 1,37,340 మంది ఆమెతో సమానంగా లేదా కింద ఉన్నారు, 2,660 మంది పైన ఉన్నారు. స్నేహితురాలి షిఫ్టులోనూ అంతే మంది రాశారనుకుంటే, ఆమెకు పైన ఉన్నది 2,380 మంది. అంటే ఆ షిఫ్టులో 158 తెచ్చుకోవడం, మీ అమ్మాయి షిఫ్టులో 172 తెచ్చుకోవడం కన్నా కొంచెం కష్టమైంది. ప్రశ్నపత్రం కష్టంగా ఉన్న షిఫ్టులో అందరి మార్కులూ తగ్గుతాయి. వాటిని తేలికైన షిఫ్టు మార్కుల పక్కన నేరుగా పెట్టి పోల్చి ఉంటే, అన్యాయం స్నేహితురాలికి జరిగి ఉండేది. ఒక్కో సబ్జెక్టు పర్సెంటైల్ కలిపి మూడుతో భాగించి, మొత్తంతో సరిపోలడం లేదని కంగారుపడేవాళ్ళూ ఉంటారు. మొత్తం పర్సెంటైల్‌ను మొత్తం మార్కుల మీద విడిగా లెక్కిస్తారు కాబట్టి అది సరిపోలదు, సరిపోలనక్కర లేదు.

ఈ లెక్క ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. అభ్యర్థులను షిఫ్టులకు ఏ వరుసా లేకుండా పంచారని, అందువల్ల ప్రతి షిఫ్టులోనూ చురుకైనవాళ్ళు, మధ్యస్థులు, వెనకబడినవాళ్ళు ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉంటారని ఆ నమ్మకం. లక్షకు పైగా రాసే షిఫ్టులో అది చాలావరకు నిజమే. షిఫ్టు చిన్నదైన కొద్దీ బలహీనపడుతుంది. కొసల దగ్గర కూడా తేడా వస్తుంది. ప్రతి షిఫ్టులో మొదటి స్థానానికి 100 పర్సెంటైలే కాబట్టి, ఒక షిఫ్టులో 300కి 300 వచ్చిన పిల్లకూ, మరో షిఫ్టులో 280తో మొదట నిలిచిన పిల్లకూ అదే 100. మీ అమ్మాయి ఉన్న చోట ఈ ఇబ్బంది లేదు.

రెండు ప్రశ్నపత్రాలను సమానమైన కష్టంతో తయారు చేయలేరా అని చాలామంది అడుగుతారు. ఆ గదిలో కూర్చున్నవాణ్ణిగా చెబుతున్నాను, చేయలేరు. ఒక ప్రశ్న ఎంత కష్టమో ముందుగా తెలియాలంటే దాన్ని కొన్ని వేలమంది పిల్లలకు ఇచ్చి చూడాలి. అలా ఇస్తే రహస్యం నిలవదు. అందుకని అనుభవం ఉన్న నలుగురం కూర్చుని "ఇది తేలిక, ఇది మధ్యస్థం, ఇది కష్టం" అని అంచనా వేస్తాం. మా అంచనాలు ఎంత తప్పేవో ఫలితాలు వచ్చాక చూసి మాకే దిగులు కలిగేది. తేలిక అనుకున్న ప్రశ్నను పదిమందిలో ఒక్కరు చేసేవారు. కష్టం అనుకున్నదాన్ని ఏదో శిక్షణ పుస్తకంలో అలాంటిదే చూసి ఉండటం వల్ల సగం మంది చేసేవారు.

విదేశాల్లో కొన్ని పరీక్షలు ఈ చిక్కును మరో విధంగా తప్పించుకుంటాయి. వేర్వేరు రోజుల ప్రశ్నపత్రాల్లో కొన్ని ఉమ్మడి ప్రశ్నలు పెట్టి, వాటిని ఎవరెలా చేశారో చూసి, ఒక పత్రం కష్టాన్ని మరో పత్రంతో తూకం వేస్తాయి. అందుకు ఆ ప్రశ్నలు బయటికి రాకుండా చూసుకోవాలి. మన దగ్గర పరీక్ష అయిన కొద్ది రోజుల్లో ప్రశ్నపత్రం, జవాబుల ప్రాథమిక కీ, పిల్లలు గుర్తించిన సమాధానాలు అన్నీ బయట పెడతారు. అభ్యంతరాలు తీసుకుంటారు. ఆ పారదర్శకత మనకు చాలా అవసరం. నా ముందే ఒక తప్పు కీ అభ్యంతరాల వల్ల సరైంది. కానీ బయటపడ్డ ప్రశ్నను మళ్ళీ వాడలేం, ఉమ్మడి ప్రశ్నలతో తూకం వేయలేం. అందుకే పర్సెంటైల్‌తో సరిపెట్టుకుంటున్నాం. నా మటుకు నాకు ఈ బేరం మంచిదే అనిపిస్తుంది.

మీది ఆంధ్రప్రదేశ్ అన్నారు కాబట్టి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ సంగతి కూడా. అక్కడ షిఫ్టుల మధ్య తేడాను సరిచేసే నార్మలైజేషన్ ఉన్నా అది పర్సెంటైల్ లెక్క కాదు. ప్రతి షిఫ్టు నుంచీ రెండు అంకెలు తీసుకుంటారు. ఒకటి, ఆ షిఫ్టు సగటు మార్కులకు ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) కలిపితే వచ్చేది. రెండోది, ఆ షిఫ్టులో పైన ఉన్న 0.1 శాతం మంది సగటు. ఇవే రెండు అంకెలు మొత్తం షిఫ్టులన్నిటికీ కలిపి కడతారు. మీ షిఫ్టు రెండు బిందువులు ఉమ్మడి రెండు బిందువుల మీద పడేలా గీత గీసి, ప్రతి ఒక్కరి మార్కులను ఆ గీత మీదుగా జరుపుతారు. దీనితో మార్కుల మధ్య దూరాలు కొంతవరకు నిలుస్తాయి, పర్సెంటైల్‌లో నిలవవు. దీని లోపం దీనికుంది. 20,000 మంది రాసిన షిఫ్టులో 0.1 శాతం అంటే 20 మంది. ఆ 20 మంది ఆ రోజు ఎలా రాశారన్నది గీత వాలును మార్చేస్తుంది. ఆ వాలుతో మిగిలిన 19,980 మంది మార్కులూ కదులుతాయి. ఒకే పిల్లకు రెండు పరీక్షల్లో ర్యాంకులు పొంతన లేకుండా రావడానికి ఇదీ ఒక కారణం.

ఇవన్నీ ఎందుకు, అందరికీ ఒకే రోజు ఒకే పత్రం ఇవ్వవచ్చు కదా అంటారు. వైద్య పీజీ ప్రవేశాల నీట్ విషయంలో 2025 మే 30న సుప్రీంకోర్టు అదే చెప్పింది. రెండు పత్రాల కష్టం ఎన్నడూ ఒకటి కాదని, ఒకే షిఫ్టులో నిర్వహించమని ఆదేశించింది. ఆ పరీక్ష ఆగస్టు 3న ఒకే షిఫ్టులో జరిగింది. వైద్య డిగ్రీ ప్రవేశాల నీట్ అయితే కొన్నేళ్ళుగా ఒకే రోజు, ఒకే పూట, కాగితం మీద. దానికి నార్మలైజేషన్ బెడద లేదు. బదులుగా 20 లక్షలకు పైగా పిల్లల భవిష్యత్తు ఒకే ప్రశ్నపత్రం పెట్టె మీద ఆధారపడుతుంది. 2024లో ఏం జరిగిందో చూశాం. లీకేజీ కేసులు నమోదయ్యాయి. 720కి 720 వచ్చినవాళ్ళు మొదట 67 మంది. సమయం నష్టపోయారని 1,563 మందికి కలిపిన మార్కులు వెనక్కు తీసుకుని మళ్ళీ పరీక్ష పెట్టారు. పరమాణువు మీద భౌతికశాస్త్ర ప్రశ్న ఒకదానికి పాత పాఠ్యపుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం మరో జవాబు సరైనవని రెండింటికీ మార్కులిచ్చారు. ఢిల్లీ ఐఐటీ నిపుణులు ఒక్కటే సరైనదని తేల్చాక నాలుగు లక్షల మందికి పైగా పిల్లల మార్కులు తగ్గాయి, పూర్తి మార్కులు వచ్చినవాళ్ళు చివరికి 17 మంది మిగిలారు. సుప్రీంకోర్టు జులై 23న పరీక్షను మొత్తంగా రద్దు చేయడానికి నిరాకరించింది. ఒక్క ప్రశ్న. దాన్ని రాసినవారు, సరిచూసినవారు పాత పుస్తకం ఒకసారి తెరిచి ఉంటే చాలు. ఆ పని చేసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న, ప్రతిభా, అదృష్టమా అని. రెండూ ఉన్నాయి. ఎంతెంత పాళ్ళో కొంతవరకు లెక్కకట్టవచ్చు కూడా. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, తప్పుకు మార్కు తగ్గదు. అందరూ చివరి నిమిషాల్లో మిగిలినవన్నీ గుర్తిస్తారు. 40 ప్రశ్నలు గుడ్డిగా గుర్తించిన పిల్లకు సగటున 10 మార్కులు వస్తాయి. కానీ పదిమందిలో ఎనిమిది మందికే అది 7 నుంచి 13 మధ్య ఉంటుంది, మిగిలిన ఇద్దరికీ అంతకన్నా ఎక్కువో తక్కువో వస్తుంది. చదువులో సరిసమానమైన ఇద్దరు పిల్లల మధ్య కేవలం దీనివల్లే ఆరేడు మార్కుల తేడా రావచ్చు. ర్యాంకుల గుంపు దట్టంగా ఉండే చోట ఆ ఆరేడు మార్కులే వేల ర్యాంకులు.

జేఈఈ మెయిన్, నీట్‌లలో తప్పుకు ఒక మార్కు కోత ఉంది కదా అంటారు. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. నాలుగు ఎంపికల్లో గుడ్డిగా ఒకటి గుర్తిస్తే సగటున పావు మార్కు లాభమే తప్ప నష్టం లేదు. రెండు ఎంపికలు ఖాయంగా తప్పని తెలిస్తే మిగిలిన రెండింటిలో ఒకటి గుర్తించడం సగటున ఒకటిన్నర మార్కుల లాభం. "తెలియనిది ముట్టుకోవద్దు" అని పిల్లలకు గట్టిగా నూరిపోసే అధ్యాపకులను చాలామందిని చూశాను. దాంతో సగం తెలిసిన ప్రశ్నను కూడా వదిలేసి వచ్చే భయస్థులైన పిల్లలు నష్టపోతారు. తరచూ వాళ్ళు ఆడపిల్లలు కావడం నా తరగతుల్లో గమనించాను. అంకెనే జవాబుగా రాయాల్సిన ప్రశ్నల్లో మాత్రం ఊహ పనికిరాదు. అక్కడ కోత నిజమైన కోతే.

మీ అమ్మాయికి, స్నేహితురాలికి మధ్య తేడా 0.2 పర్సెంటైల్. 14 లక్షల మంది రాశారనుకుంటే ఇద్దరి ర్యాంకులు దాదాపు 26,600, 23,800. చూడటానికి 2,800 ర్యాంకుల ఎడం. మార్కుల్లో అది ఒకటి రెండు ప్రశ్నల విలువ. ఈ ఇద్దరిలో ఎవరు మెరుగైన విద్యార్థి అని నన్నడిగితే, ఈ పరీక్ష ఆ సంగతి చెప్పలేదు అంటాను. 98 దగ్గర ఉన్న పిల్లకూ 60 దగ్గర ఉన్న పిల్లకూ సబ్జెక్టులో తేడా ఉందని మాత్రం చెబుతుంది, ఆ మాట నమ్మవచ్చు. లక్షలమందిని బారుగా నిలబెట్టి సీట్లు పంచడానికి ఈ సాధనం పనికొస్తుంది. బారులో పక్కపక్కన నిలబడ్డవాళ్ళ ఎత్తు తేడా చూడటానికి పనికిరాదు. సీట్లు తక్కువ కాబట్టి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. గీతకు ఇటువైపు పడ్డ పిల్ల తక్కువదని ఇంట్లో ఎవరైనా అనుకుంటే నాకు చాలా బాధ కలుగుతుంది.

అలాగని పరీక్షలే వద్దనేవారితోనూ నేను ఏకీభవించను. ఇవి రాకముందు చాలాచోట్ల డబ్బిచ్చుకున్నవారికి సీటు దక్కేది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీటు కోసం అదనంగా వసూలు చేసే క్యాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ చట్టం తెచ్చింది, ఈఏపీసెట్‌కు పాత రూపమైన ఎంసెట్ వచ్చింది ఆ కాలంలోనే. ఏ పలుకుబడీ లేని ఇంటి పిల్లలు ఇంజనీర్లు, డాక్టర్లు కావడం నా కళ్ళతో చూశాను. తమిళనాడు మరో దారి పట్టింది. 2007 నుంచి ఇంజనీరింగ్‌కు రాష్ట్ర ప్రవేశ పరీక్ష తీసేసి ప్లస్ టూ మార్కులతోనే సీట్లిస్తోంది. వైద్యానికి నీట్ తప్పనిసరి అయ్యాక, ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 2020లో 7.5 శాతం సీట్లు కేటాయించింది. శిక్షణకు డబ్బు పెట్టగలిగిన ఇల్లు, పెట్టలేని ఇల్లు ఒకే బారులో నిలబడుతున్నప్పుడు ఇలాంటి ఏర్పాటు నాకు న్యాయంగానే తోస్తుంది.

మనకేమో ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ దాన్ని 2023లో పూర్తిగా తీసేసింది. ఉండాలా వద్దా అని రెండు వైపులా గట్టిగా వాదిస్తారు కానీ, అది నిజంగా ఎంత పని చేస్తోందో తక్కువమంది చూస్తారు. గట్టిగా పోటీపడే పిల్లల ఇంటర్ మార్కులు 600కి 570 నుంచి 595 మధ్య గుమిగూడాయనుకోండి. 25 శాతం లెక్కన మొదటివాళ్ళకూ చివరివాళ్ళకూ మధ్య వచ్చే తేడా ఒక్క మార్కు. ప్రవేశ పరీక్షలో అదే పిల్లలు 160కి 60 నుంచి 120 మధ్య ఉంటే, 75 శాతం లెక్కన తేడా 28 మార్కులు. కాగితం మీద పావు వంతు బరువు ఉన్నది నిజంలో ఇరవయ్యైదో వంతు కూడా లేదు. ఇంటర్ మూల్యాంకనంలో మార్కులు పరుచుకునేలా చూస్తేనే ఆ వెయిటేజీకి ప్రాణం వస్తుంది.

భాష గురించి కూడా ఒక మాట, మీ చిన్నబ్బాయి తెలుగు మాధ్యమంలో ఉన్నాడన్నారు కాబట్టి. నీట్, జేఈఈ మెయిన్ రెండూ తెలుగులోనూ రాయవచ్చు. తెలుగు ఎంచుకున్నవారికి పక్కనే ఇంగ్లీషు పాఠం కూడా ఇస్తారు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే తుది మాట. ఒకసారి నేను సరిచూసిన పత్రంలో వక్రానికి "అభిలంబ రేఖ" అని ఉండాల్సిన చోట "సాధారణ రేఖ" అని వచ్చింది. ఇంగ్లీషు మాటకు నిఘంటువులో మొదటి అర్థం రాసేశారు. తెలుగులో చక్కగా గణితం నేర్చుకున్న పిల్ల అక్కడ ఆగిపోతుంది. ఆ తప్పు పరీక్షకు ముందే దొరికింది కాబట్టి సరిపోయింది. బాబుకు ఇప్పటినుంచే పారిభాషిక పదాలు రెండు భాషల్లోనూ అలవాటు చేయండి. సబ్జెక్టు తెలుగులోనే నేర్చుకోనివ్వండి.

ఇక లాంగ్ టర్మ్. ఈ రోజు ఆ నిర్ణయం తీసుకోకండి. మెయిన్ నుంచి, ఐఐటీ సీట్ల కోసం రాసే అడ్వాన్స్‌డ్‌కు దాదాపు 2.5 లక్షల మందిని అనుమతిస్తారు, ఈ ర్యాంకుతో మీ అమ్మాయికి అర్హత ఖాయం. అడ్వాన్స్‌డ్ వేరే తరహా పరీక్ష, మెయిన్‌లో తడబడినవారు అక్కడ రాణించడం చూశాను. ఈఏపీసెట్ కూడా ముందుంది. అవి అయ్యాక ఆమె మెయిన్ రెస్పాన్స్ షీటు తీసి, పోయిన మార్కులను ఆమె చేతనే మూడు కుప్పలు పెట్టించండి. అసలు తెలియనివి ఒకటి, తెలిసీ లెక్క తప్పినవి ఒకటి, సమయం చాలనివి ఒకటి. తెలియనివి ఎక్కువై, అవి కొన్ని అధ్యాయాలకే పరిమితమైతే ఇంకో ఏడాది ఫలితమిచ్చే అవకాశం ఉంది. లెక్క తప్పినవే ఎక్కువైతే ఏడాది కూర్చోబెట్టినా అవి అంతగా మారవు. 98.1 నుంచి పైకి వెళ్ళడానికి దొరికే చోటు కొంచెమే, కిందికి జారడానికి చాలా ఉంది. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారన్నది కూడా గుర్తుంచుకోండి. ఏ సంగతైనా ఆమెను అడిగి నిర్ణయించండి. తనకు ఇష్టం లేకుండా లాంగ్ టర్మ్‌లో కూర్చున్న పిల్లలు ఆ ఏడాది ఎలా వాడిపోతారో దగ్గరగా చూశాను.

మీ పని ఈ వారంలో ఒకటుంది. ఐఐటీలు, జాతీయ సాంకేతిక సంస్థల (నిట్) సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ వెబ్‌సైటులో గత రెండేళ్ళ చివరి రౌండు ముగింపు ర్యాంకులు ఉంటాయి. మీ కేటగిరీకి, అమ్మాయిల సీట్లకు విడిగా చూడండి. నిట్‌లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికే. ఇక్కడ చాలామంది పొరపడతారు, సొంత రాష్ట్రమంటే ఇల్లున్న రాష్ట్రం కాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. ఆమె ఇంటర్ విజయవాడలో చదివి ఉంటే తాడేపల్లిగూడెం నిట్, హైదరాబాదులో చదివి ఉంటే వరంగల్ నిట్ సొంత రాష్ట్రం కోటా కిందికి వస్తాయి. ఈ ఒక్క విషయం 2,800 ర్యాంకుల కన్నా ఎక్కువ తేడా చూపగలదు.

ఇంకొకటి. స్నేహితురాలి మార్కుల ప్రస్తావన ఇంట్లో ఆపేయండి. ఆ ఇద్దరు పిల్లలూ రెండేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నారని మీరే రాశారు. రాత్రిళ్ళు ఆమె నిద్రపోవడం లేదన్నారు కదా, దగ్గర కూర్చోండి. మాట్లాడటానికి ఇష్టపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ముగింపు ర్యాంకులు చూశాక ఆమెకు నచ్చిన బ్రాంచిల జాబితా ఇక్కడ రాయండి, వెబ్ ఆప్షన్ల వరుస ఎలా పెట్టుకోవాలో కలిసి చూద్దాం.